బూడిద కింద లోయెస్: ఉత్తర ఐడహో అడవి నేలను గుంట తీసి చదవడం ఎలా

అమెరికాలో ఉత్తర ఐడహో కొండల మీద, రెడ్‌సీడర్, గ్రాండ్ ఫర్, వైట్ పైన్ చెట్లు పెరిగే అడవిలో పార దించితే మొదటి అడుగున్నర దాకా అడ్డే ఉండదు. వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా పార చప్పుడు మారుతుంది, చేతికి బరువు తెలుస్తుంది. అక్కడితో ఒక నేల అయిపోయి ఇంకో నేల మొదలైందన్నమాట. పైది అగ్నిపర్వతపు బూడిద, కిందిది లోయెస్.

లోయెస్ అంటే గాలి మోసుకొచ్చి పేర్చిన సన్న దుమ్ము. ఇసుక కంటే సన్నం, బంకమట్టి కంటే గరుకు. మంచుయుగంలో మంచు ఆనకట్టలు తెగి దూకిన మిజూలా వరదలు కొలంబియా మైదానంలో వదిలిపోయిన ఒండ్రును నైరుతి గాలులు ఎత్తి తూర్పు కొండల మీద పరిచాయి. ఆ తర్వాత, ఇప్పటికి సుమారు 7,700 ఏళ్ళ క్రితం, ఆరెగాన్‌లోని మజామా పర్వతం పేలింది. కొండ కూలినచోట ఇప్పుడు 594 మీటర్ల లోతున్న క్రేటర్ లేక్ ఉంది. దాని బూడిద వందల కిలోమీటర్ల దూరం వెళ్ళి ఈ లోయెస్ మీద దుప్పటిలా పడింది. ఐడహో తన రాష్ట్ర నేలగా చెప్పుకునే థ్రీబేర్ ఈ జంటకు మంచి ఉదాహరణ.

అగ్నిపర్వత నేల అనగానే మనవాళ్ళకు నల్లరేగడి గుర్తుకొస్తుంది. ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. రేగడి బసాల్టు రాయి కాలక్రమంలో శిథిలమై ఏర్పడిన బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, కాలికి అంటుకుంటే వదలదు. బూడిద నేల ఇందుకు పూర్తిగా విరుద్ధం: తేలిక, అంటుకోదు, నెర్రెలు ఇవ్వదు. నిజమైన అగ్నిపర్వత బూడిద చూడాలంటే మన దగ్గర కర్నూలు ప్రాంతపు జ్వాలాపురం ఉంది. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రాలో టోబా పేలినప్పటి బూడిద అక్కడి జుర్రేరు లోయలో నిక్షేపంగా ఉంది. కాకపోతే అది మట్టి కింద పూడుకుపోయిన పొర. ఐడహోలోది చెట్ల వేళ్ళు నేరుగా బతుకుతున్న పొర.

చోటు ఎంచుకోవడం

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. బూడిద పడినప్పుడు అంతటా పడినా, అంతటా నిలవలేదు. ఎండ ఎక్కువ తగిలే దక్షిణ, పడమర వాలుల్లో నేల పొడి, చెట్లు పలచన, మంటలు తరచు. అక్కడి బూడిద కొట్టుకుపోయింది, లేదా కింది మట్టిలో కలిసిపోయింది. ఉత్తర, తూర్పు వాలుల్లో తేమ, దట్టమైన అడవి దాన్ని పట్టి ఉంచాయి. కాబట్టి మొదటి గుంట ఉత్తర వాలులో, 10 నుంచి 25 శాతం వాలు ఉన్నచోట తీయండి. వీలైతే అదే గట్టుకు దక్షిణం వైపు రెండో గుంట తీసి పక్కపక్కన పోల్చండి. ఒక గుంట చూసి కొండంతటికీ తీర్పు చెప్పకూడదు.

పాత దుంగలాగుడు దారులు, రోడ్డు అంచులు, గోఫర్ ఎలుకలు తోడిన మట్టి కుప్పలు వదిలేయండి. ఇంకో మోసం గాలికి కూలిన చెట్లది. పెద్ద చెట్టు వేళ్ళతో సహా లేచినప్పుడు కింది లోయెస్ పైకి వస్తుంది, బూడిద గుంటలోకి జారుతుంది. దుంగ కుళ్ళిపోయి ఆనవాలు లేకపోయినా పక్కపక్కనే ఒక గుంట, ఒక దిబ్బ మిగులుతాయి. అలాంటి జంట కనిపిస్తే కనీసం అయిదారు మీటర్లు పక్కకు జరగండి.

జాతీయ అటవీ భూమైనా, కలప కంపెనీ భూమైనా తవ్వడానికి ముందు అనుమతి అడగాలి. కాలం సంగతికొస్తే, పొరలు చదవడానికి జూన్ చివర, జూలై మొదట మేలు. మట్టిలో ఇంకా తేమ ఉంటుంది, గుంటలో నీరు ఊరదు. కింది గట్టి పొర మీద నిలిచే నీటిని చూడాలంటే మాత్రం మంచు కరిగే వసంతంలోనే రావాలి.

గుంట

మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు, 1.2 మీటర్ల లోతు చాలు. అంతకంటే లోతుకు మనిషి దిగకూడదు. లోయెస్ నిట్టనిలువుగా నిలబడ్డట్టే నిలబడి చెప్పకుండా కూలుతుంది. ఇంకా కిందికి చూడాలంటే గుంట అడుగు నుంచి ఆగర్ (మట్టిని తొలిచి తీసే బరమా) దించండి. చదవబోయే గోడ వాలు ఎగువ వైపు ఉండాలి, దాని పైన నిలబడకూడదు, మట్టి వేయకూడదు. అడుగు పడితే బూడిద పొర అక్కడికక్కడే అణగి కొలతలన్నీ తప్పుతాయి.

రెండు టార్పాలిన్లు పరవండి. బూడిద మట్టి ఒకదాని మీద, లోయెస్ ఇంకోదాని మీద. పైన ఉన్న ఆకు చెత్త మూడో కుప్ప. పూడ్చేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

గోడ చదవడం

పారతో కోసిన గోడ నున్నగా ఉంటుంది, ఏమీ చెప్పదు. కత్తి మొనతో పైనుంచి కిందికి చిన్నచిన్న పెళ్ళలుగా ఊడదీస్తే మట్టి సహజంగా విరిగే తీరు బయటపడుతుంది. రంగు చూడకముందే కత్తితో 5 సెంటీమీటర్లకొకసారి పొడుస్తూ దిగండి. ఒకే బలంతో పొడవాలి. బూడిదలో కత్తి పిడి దాకా పోతుంది. పొర మారినచోట ఆగుతుంది. ఆగినచోటల్లా మేకు గుచ్చండి. తర్వాత రంగు చూస్తే చాలాసార్లు మేకుల వరుస, రంగు గీత ఒకటే అవుతాయి. రెండూ కలవకపోతే చెట్టు కూలి మట్టి కలిసిన చోటు కావచ్చు. పక్క గోడ కూడా చూడండి.

అన్నిటికంటే పైన 2 నుంచి 5 సెంటీమీటర్ల మందాన సూదుల్లాంటి ఆకులు, సగం కుళ్ళిన చెత్త. కొన్నిచోట్ల ఈ చెత్తలోనే, లేదా సరిగ్గా దాని కిందే, తెల్లటి పలుచని చార కనిపిస్తుంది. అది 1980 మే 18న సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలినప్పుడు పడ్డ బూడిద. కొత్తవాళ్ళు దాన్ని సారం కడిగిపోయిన తెల్లపొరగా రాసేస్తారు. భూతద్దంతో చూస్తే కొత్త గాజు పలుకులు మెరుస్తాయి, కింద పొరతో దానికి ఏ సంబంధమూ ఉండదు.

ఆ కింద 5 నుంచి 10 సెంటీమీటర్ల ముదురు మట్టి, తర్వాత అసలు బూడిద పొర. తడిగా ఉన్నప్పుడు గోధుమరంగు. నేల రంగులు పోల్చి చూసే మున్సెల్ పుస్తకంలో 10 వైఆర్ లేదా 7.5 వైఆర్ పేజీ, 4/4 చుట్టుపక్కల. పై నుంచి కింది దాకా రంగు పెద్దగా మారదు. సన్నటి వేళ్ళన్నీ ఇక్కడే. రాయి దాదాపు ఉండదు. ఆకాశం నుంచి పడ్డదానిలో రాళ్ళెక్కడివి? రాళ్ళు బాగా తగులుతున్నాయంటే కొండ పైనుంచి జారిన మట్టి కలిసిందని అర్థం.

సాధారణంగా 35 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య హద్దు వస్తుంది. రెండు మూడు సెంటీమీటర్లలోనే మారిపోయే స్పష్టమైన హద్దు. కింద లోయెస్ పాలిపోయి ఉంటుంది, ఎందుకంటే వేల ఏళ్ళుగా దిగే నీరు అక్కడి ఇనుమును, బంకను కడిగి ఇంకా కిందికి దించింది. దిగిన బంక తర్వాతి పొరలో పెళ్ళల మీద పలుచని పూతలా మెరుస్తుంది. చాలాచోట్ల ఆ లోతులోనే ఫ్రాజిపాన్ అనే గట్టి, పెళుసు పొర ఉంటుంది. నిలువు స్తంభాల్లా విడివడి, వాటి సందుల్లో బూడిదరంగు చారలు, అంచుల్లో తుప్పురంగు మచ్చలు.

ఫొటో తీసేటప్పుడు గోడంతటికీ టార్పాలిన్‌తో నీడ పట్టండి. సగం ఎండ, సగం నీడ ఉన్న ఫొటోలో పొరల హద్దు ఎప్పుడూ నీడ అంచు దగ్గరే కనిపిస్తుంది.

చేతి పరీక్ష

బూడిద, లోయెస్ రెండూ సన్న రేణువులు ఎక్కువున్న సిల్ట్ లోమ్ మట్టే. పరిమాణం ఒకటే కాబట్టి మామూలుగా వేళ్ళతో నలిపి రిబ్బన్ చేసే పరీక్ష వీటిని విడదీయదు. తేడా తెలిసేది ఇలా.

నిమ్మకాయంత మట్టి తీసుకుని, స్ప్రే సీసాతో కొద్దికొద్దిగా తడుపుతూ బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒత్తండి. ఒత్తిడి పెంచుతూ పోతే లోయెస్ మెల్లగా సాగి పిండిలా అణుగుతుంది, వేలికి కొంచెం అంటుకుంటుంది. బూడిద మట్టి కాసేపు తట్టుకుని, ఉన్నట్టుండి లొంగిపోతుంది. వేళ్ళు ఒకదాని మీద ఒకటి సబ్బు రాసినట్టు జారతాయి, చర్మం మీద నీటి తడి మిగులుతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ బిగుస్తుంది. మట్టిలోని జెల్ లాంటి పదార్థం పట్టుకున్న నీటిని ఒత్తిడికి వదిలి, తర్వాత తిరిగి తీసుకోవడమే దీనికి కారణం. మజామా బూడిదలో ఇంకా కరగని గాజు చాలా ఉంది కాబట్టి ఈ జారుడు జపాన్ నేలల్లో ఉన్నంత గట్టిగా ఉండదు. ఒకసారికి తెలియకపోతే లోయెస్‌ను ఇంకో చేత్తో పట్టుకుని రెండూ కలిపి చూడండి.

ఎండిన పెళ్ళను అరచేతిలో ఎగరేసి చూడటం కూడా మంచి పరీక్షే. బూడిద పెళ్ళ బరువే ఉండదు.

సోడియం ఫ్లోరైడ్ పరీక్ష

దీని తర్కం తేలిక. బూడిద శిథిలమై పుట్టే అల్లోఫేన్ వంటి పదార్థాల్లో అల్యూమినియం చురుగ్గా ఉంటుంది. ఫ్లోరైడ్ వెళ్ళి అల్యూమినియాన్ని పట్టుకుంటుంది, అక్కడున్న హైడ్రాక్సిల్ బయటికొస్తుంది, పీహెచ్ పెరుగుతుంది.

ఒక గ్రాము మట్టికి 50 మిల్లీలీటర్ల 1 మోలార్ సోడియం ఫ్లోరైడ్ ద్రావణం పోసి, కలుపుతూ సరిగ్గా 2 నిమిషాలకు పీహెచ్ చదవండి. 9.4 దాటితే చురుకైన అల్యూమినియం బాగా ఉన్నట్టు. ద్రావణానికి లీటరుకు 42 గ్రాములు కావాలి. గది వేడిలో అది కరిగే హద్దు కాబట్టి అడుగున కొంచెం మిగిలినా ఫరవాలేదు. వాడకముందు ద్రావణం పీహెచ్ 7.5–8 మధ్య ఉందో లేదో చూసుకోండి. 2 నిమిషాలు దాటించకండి; ఆలస్యంగా చదివితే మామూలు మట్టి కూడా పైకెక్కుతుంది. మీటర్ లేకపోతే ఫినాల్ఫ్తలీన్‌లో తడిపి ఆరబెట్టిన ఫిల్టర్ కాగితం మీద చిటికెడు మట్టి పెట్టి ఒక చుక్క ద్రావణం వేయండి. కాగితం వెంటనే ఎర్రబడితే అదే జవాబు.

తప్పుడు జవాబు ఇచ్చే సందర్భం ముఖ్యంగా ఒకటుంది. మట్టిలో సున్నం ఉంటే ఏ బూడిదా లేకుండానే పీహెచ్ ఎక్కుతుంది. పొడి ప్రాంతాల లోయెస్‌లో ఇది మామూలు. ముందు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి నురగ వస్తుందేమో చూడాలి. అయితే అది ఎప్పుడూ వేరే పెళ్ళ మీద వేయాలి; ఆమ్లం, ఫ్లోరైడ్ కలిస్తే ప్రమాదకరమైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. సోడియం ఫ్లోరైడ్ కూడా విషమే. చేతి తొడుగులు, ప్లాస్టిక్ పాత్రలు తప్పనిసరి. మిగిలిన ద్రావణం అడవిలో పారబోయకండి.

గాజు ఉందా?

చెంచాడు మట్టిని, రేణువులను విడదీసే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, కుదిపి, తేరిన మురికినీళ్ళు పదే పదే వంపేయండి. అడుగున మిగిలే సన్న ఇసుకను మైక్రోస్కోపు కింద పెడితే మజామా గాజు పలుకులు వంపు తిరిగిన పెంకుల్లా, లోపల గాలి బుడగల గుర్తులతో కనిపిస్తాయి. లోయెస్‌లోని క్వార్ట్జ్ దిమ్మల్లా ఉంటుంది. కాంతిని ఒకే దిశలో కంపించేలా వడకట్టే రెండు పోలరైజర్లను ఒకదానికొకటి అడ్డంగా పెడితే అనుమానమే ఉండదు: గాజు నల్లగా ఉండిపోతుంది, క్వార్ట్జ్ వెలుగుతుంది. చాలా బూడిద పొరల్లో రెండూ కలిసే ఉంటాయి. గాలి మోసుకొచ్చే దుమ్ము ఆగలేదు, చెట్లు కూలడమూ ఆగలేదు.

సాంద్రత

ఈ నేల గుణాలన్నింటికీ మూలం ఈ ఒక్క అంకె. 5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తున్న ఉక్కు గొట్టం ఘనపరిమాణం 98 ఘన సెంటీమీటర్లు. పొర మధ్యలో చిన్న మెట్టు కోసి, గొట్టాన్ని నిలువుగా దించి, చుట్టూ తవ్వి తీసి, రెండు చివర్లూ కత్తితో సమం చేసి, 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి తూచండి. బూడిద మట్టి 72 గ్రాములు తూగితే సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.73 గ్రాములు. అదే గొట్టంలో లోయెస్ 137 గ్రాములు తూగితే 1.40. ఫ్రాజిపాన్ 1.6 దాటడం మామూలే. అంటే బూడిద పొరలో మూడొంతులకు దగ్గరగా ఖాళీయే: గాలి, నీరు ఉండే చోటు.

ఈ కొలత ఎక్కడ చెడుతుందంటే, సుత్తి దెబ్బల దగ్గర. బూడిద కొడితే అణుగుతుంది. గొట్టం లోపలి మట్టి మట్టం బయటి కంటే కిందికి దిగిందంటే ఆ నమూనా పారేయండి. కొట్టకుండా, చెక్క పెట్టి చేత్తో నొక్కండి. వేరు అడ్డొచ్చినా అంతే. పొరకు కనీసం 5 గొట్టాలు తీసి సగటు కట్టండి.

ఈ ఖాళీ ఎందుకంత విలువైనదంటే, ఇక్కడ వర్షం, మంచు దాదాపు చలికాలంలోనే. జూలై, ఆగస్టు ఎండిపోతాయి. చెట్టు ఆ రెండు నెలలూ నేల దాచుకున్న నీటి మీదే గడపాలి. వేళ్ళకు అందే నీరు ఘనపరిమాణంలో 20 శాతం అనుకుంటే 45 సెంటీమీటర్ల బూడిద 90 మిల్లీమీటర్లు దాస్తుంది. పొర 15 సెంటీమీటర్లే మిగిలిన దక్షిణ వాలులో అది 30.

ఫ్రాజిపాన్‌ను నిర్ధారించడం

గట్టిగా ఉన్నదల్లా ఫ్రాజిపాన్ కాదు. అయిదు నుంచి పది సెంటీమీటర్ల పెళ్ళను గాలికి పూర్తిగా ఆరబెట్టి నీళ్ళలో వేయండి. ఫ్రాజిపాన్ అయితే విరిగి రాలిపోతుంది. సిమెంటులా అతుక్కున్న పొర అయితే అలాగే ఉంటుంది. తడిగా ఉన్న పెళ్ళను వేళ్ళతో నొక్కితే సాగకుండా ఫట్‌మని పగలాలి. చెట్ల వేళ్ళు దాని మీదికి వచ్చి అడ్డంగా తిరిగాయా, స్తంభాల సందుల్లోంచి మాత్రమే దిగాయా చూడండి. వసంతంలో నీరు ఆ పొర మీద నిలిచిపోతుంది. వేళ్ళు లోతుకు దిగవు, నేల తడిసి ఉంటుంది, అప్పుడే గాలి వీస్తుంది. చెట్లు వేళ్ళతో సహా కూలేది ఇలాంటిచోటే.

ల్యాబుకు పంపేవి

మట్టిని ఆరబెట్టకుండా, తడి పోకుండా రెండు సంచుల్లో కట్టి చల్లగా పంపండి. బూడిద మట్టి ఒకసారి బాగా ఎండితే దాని జెల్ కుదించుకుపోయి మళ్ళీ మొదటిలా నీరు పట్టదు. సాంద్రత కోసం ఓవెన్‌లో పెట్టిన మట్టిని తిరిగి రసాయన పరీక్షకు పంపడం అందుకే తప్పు.

అడగాల్సినవి మూడు: ఆక్సలేట్ ద్రావణంలో కరిగే అల్యూమినియం, ఇనుముల శాతాలు; ఫాస్ఫేటును పట్టి ఉంచే శాతం; గాజు శాతం. అమెరికా నేలల వర్గీకరణ ప్రకారం గాజు ఎక్కువున్న పొరకు లెక్క ఇది. అల్యూమినియం శాతానికి ఇనుములో సగం కలపండి. అది కనీసం 0.4 ఉండాలి. దాన్ని 15.625తో హెచ్చించి గాజు శాతం కలిపితే కనీసం 36.25 రావాలి. గాజు కనీసం 5 శాతం, ఫాస్ఫేటు పట్టు కనీసం 25 శాతం, 0.02 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువులు కనీసం 30 శాతం ఉండాలి. ఉదాహరణకు అల్యూమినియం 1.1, ఇనుము 0.8, గాజు 25 అనుకోండి. 1.1కి 0.4 కలిపితే 1.5, హెచ్చిస్తే 23.4, గాజుతో 48.4. నెగ్గింది.

ఇలా నెగ్గిన మట్టి పై 60 సెంటీమీటర్లలో 60 శాతం, అంటే 36 సెంటీమీటర్లు, ఉంటే నేల ఆండిసాల్, అంటే అగ్నిపర్వత బూడిద నేలల, వర్గంలోకి వస్తుంది. అంత లేకపోయినా 18 సెంటీమీటర్లకు పైగా ఉంటే పేరు కింది లోయెస్ పొరను బట్టి వస్తుంది, ముందు విట్రాండిక్ అనో ఆండిక్ అనో చేరుతుంది. కాబట్టి మేకుల మధ్య దూరం టేపుతో సరిగ్గా కొలవండి. 34, 37 మధ్య వర్గమే మారిపోతుంది.

ఇంత తెలుసుకుని ఏం చేయాలి

బూడిద తేమగా ఉన్నప్పుడు బరువు యంత్రం ఎక్కితే అణుగుతుంది, పైకి మాత్రం బురద కనిపించదు, అందుకే డ్రైవరు ఆగడు. నష్టంలో ఎక్కువ భాగం మొదటి నాలుగైదు తిరుగుళ్ళలోనే జరిగిపోతుంది. ఒకసారి అణిగితే దశాబ్దాలకూ కోలుకోదు, ఎందుకంటే ఉబ్బి, ముడుచుకుని మళ్ళీ గుల్లబారే బంక అందులో లేదు. దుంగలు లాగే దారులు ముందే గీసి, ఎన్ని తిరుగుళ్ళైనా అవే దారుల్లో తిరగాలి. నేల గడ్డకట్టినప్పుడో, మందంగా మంచున్నప్పుడో, కొమ్మలు పరిచి వాటి మీదనో చేసిన పని ఉత్తమం. పూర్తిగా ఎండిన బూడిద అంతగా అణగదు గాని చక్రాల కింద పిండిలా లేస్తుంది, తర్వాతి వానకు వాలు దిగిపోతుంది. అమెరికా అటవీశాఖ ఉత్తర ప్రాంతపు ప్రమాణం ప్రకారం పని జరిగిన విస్తీర్ణంలో 15 శాతానికి మించి నేల పాడవకూడదు. పనికి ముందు తీసిన సాంద్రత లెక్క చేతిలో లేకపోతే తర్వాత ఎంత పాడైందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

బుల్‌డోజర్‌తో కొమ్మలు కుప్ప వేసేటప్పుడు బ్లేడు పది సెంటీమీటర్లు కిందికి దిగితే చాలు, బూడిద కుప్పలోకి పోతుంది, మొక్క నాటేది పాలిపోయిన లోయెస్‌లో. కుప్ప వేయక తప్పదంటే బ్లేడు బదులు పళ్ళ రేక్ వాడి, నేలకు పైగా పట్టమనండి. మొక్క గొయ్యి కూడా బూడిదలోనే ఉండాలి. లోయెస్ పైకి తోడి వేళ్ళ చుట్టూ వేయకూడదు. భాస్వరం ఎరువు చల్లడం దండగ, ఈ మట్టి దాన్ని పట్టేసుకుని మొక్కకు ఇవ్వదు.

చెట్లు నరికిన తర్వాత ఏళ్ళ తరబడి బ్రాకెన్ ఫెర్న్ కమ్ముకున్న గ్రాండ్ ఫర్ అడవులను వేరుగా చూడండి. అక్కడ సేంద్రియ పదార్థం పెరిగి, పీహెచ్ 5 కంటే దిగి, అల్లోఫేన్ స్థానంలో అల్యూమినియం–హ్యూమస్ జంట వచ్చి ఉండవచ్చు. గోఫర్లు కూడా అక్కడే చేరతాయి. నాటిన మొక్కలు ఎందుకు బతకడం లేదో వెతికేటప్పుడు నీటితో పీహెచ్ చూడటం మొదటి పని.

గుంట పూడ్చేటప్పుడు లోయెస్ ముందు వేసి కాలితో తొక్కండి. దాని మీద బూడిద వేయండి, తొక్కకండి. అంచుల కంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా వదిలితే మంచు బరువుకు సమానమవుతుంది. ఆకు చెత్త చివర పరిచి, టార్పాలిన్ దులిపేటప్పుడు ఆ మిగిలిన బూడిద కూడా గుంట మీదే దులపండి.